‘ఫర్వాలేదు’ అంటే ఎన్ని మార్కులు? సేవల నాణ్యతకు కొలతలు

బియ్యం తక్కువ తూగితే తక్కెడ చెబుతుంది, గుడ్డ కురచైతే టేపు చెబుతుంది. బ్యాంకు కౌంటరు దగ్గర ఖాతాదారుకు సరైన సమాధానం దొరకకపోయినా, ఆసుపత్రిలో డాక్టరు రోగి మాట పూర్తిగా వినకపోయినా, ఎక్కవలసిన బస్సు గంట ఆలస్యంగా వచ్చినా ఆ లోటు ఎంతో తూచి చూపే తక్కెడ మాత్రం ఏ అంగట్లోనూ దొరకదు. మన దేశ ఆర్థిక వ్యవస్థలో సగానికి పైగా వాటా ఇప్పుడు సేవారంగానిదే కాబట్టి, ప్రజలు రోజూ డబ్బు చెల్లించో పన్ను కట్టో పొందుతున్న వాటిలో ఎక్కువ భాగం ఇలా తూకానికి అందనివే అవుతున్నాయి. వాటిని కొలవడానికి నాలుగున్నర దశాబ్దాలుగా ప్రపంచవ్యాప్తంగా జరుగుతున్న ప్రయత్నం మార్కెటింగ్ పాఠ్యపుస్తకాలకు పరిమితమైన విషయం కాదు. సామాన్యుడు ఏ కార్యాలయం గడప తొక్కినా అతనికి దక్కే మర్యాదతో, అతని సమయానికి దక్కే విలువతో ముడిపడిన విషయం.

సేవ కొలతకు లొంగకపోవడానికి నాలుగు కారణాలు చెబుతారు. మొదటిది, అది కంటికి కనిపించదు, చేతికి తగలదు. రెండవది, అందించేవారు, అందుకునేవారు ఉన్నచోటే, ఇద్దరి మధ్యనే అది పుడుతుంది. కాబట్టి ఫ్యాక్టరీలో సరుకును పరీక్షించి లోపమున్న దానిని పక్కన పెట్టినట్లు ముందుగా తీసి పెట్టడం కుదరదు. మూడవది, అది మనిషిని బట్టి, వేళను బట్టి మారుతుంది. ఒకే కౌంటరులో ఉదయం పదింటికి దొరికిన పలకరింపు సాయంత్రం నాలుగింటికి దొరుకుతుందన్న హామీ లేదు. నాలుగవది, దాన్ని నిల్వ చేయలేరు. ఖాళీగా వెళ్లిపోయిన బస్సులోని సీటును మరునాటి రద్దీకి దాచి ఉంచడం సాధ్యం కాదు.

సంతృప్తి వేరు, నాణ్యత వేరు

వినియోగదారు సంతృప్తి, సేవా నాణ్యత అనే రెండు మాటలను వ్యవహారంలో ఒకే అర్థంలో వాడుతున్నా పరిశోధకులు వాటిని వేరు చేసి చూస్తారు. సంతృప్తి అనేది ఒక అనుభవం ముగిసిన తరువాత మనసులో కలిగే భావం కాగా, నాణ్యత అనేది అలాంటి అనేక అనుభవాల మీద, విన్నదాని మీద, చూసినదాని మీద ఒక సంస్థ గురించి ఏర్పడే నిలకడైన అంచనా. అమెరికా పరిశోధకుడు రిచర్డ్ ఆలివర్ 1980లో వివరించిన సిద్ధాంతం ప్రకారం సంతృప్తికి మూలం పోలిక: మనిషి ముందుగా కొంత ఆశిస్తాడు, తరువాత దక్కినదానిని ఆ ఆశతో పోల్చుకుంటాడు, ఆశించినదానికి మించి దక్కితే సంతోషిస్తాడు, తగ్గితే నొచ్చుకుంటాడు.

ఫిన్లాండ్‌కు చెందిన క్రిస్టియన్ గ్రోన్‌రూస్ 1984లో సేవా నాణ్యతను రెండు పాయలుగా విడదీశాడు. ఏమి దక్కింది అన్నది సాంకేతిక నాణ్యత, ఎలా దక్కింది అన్నది క్రియాత్మక నాణ్యత. జ్వరం తగ్గడం మొదటిది. చీటీ రాయించుకోవడానికి ఎంతసేపు నిలబడవలసి వచ్చింది, మందు ఎప్పుడు వేసుకోవాలో ఎవరైనా అర్థమయ్యేలా చెప్పారా అన్నది రెండవది. వైద్యం, న్యాయం వంటి రంగాలలో మొదటిదానిని బేరీజు వేసే నైపుణ్యం సామాన్యుడికి ఉండదు కనుక, అతను రెండవదానిని చూసి మొదటిదానిని ఊహించుకుంటాడు. మెత్తగా మాట్లాడే డాక్టరు మంచి డాక్టరన్న పేరు తెచ్చుకోవడానికి కారణం ఇదే. సంతృప్తి సర్వే ఒక్కదానినే నమ్ముకుంటే వచ్చే ప్రమాదం కూడా ఇక్కడే ఉంది.

అయిదు గుణాలు, ఇరవై రెండు ప్రశ్నలు

ఈ రంగంలో ఎక్కువగా వాడిన కొలబద్ద పేరు సర్వ్‌క్వాల్. భారతదేశంలో పుట్టి అమెరికాలో అధ్యాపకుడైన ఎ. పరశురామన్, ఆయన సహచరులు వాలెరీ జైథామల్, లియొనార్డ్ బెర్రీ కలిసి దీన్ని రూపొందించారు. వారు 1985లో ప్రచురించిన తొలి అధ్యయనం కోసం బ్యాంకింగ్, క్రెడిట్ కార్డులు, షేర్ల బ్రోకరేజీ, వస్తువుల మరమ్మతు అనే నాలుగు రంగాలను ఎంచుకొని, వినియోగదారులను చిన్న చిన్న బృందాలుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. రంగాలు వేరైనా జనం సేవను తూచే ప్రాతిపదికలు చాలావరకు ఒకటేనని వారు గమనించారు. మొదట పదిగా కనిపించిన ఆ ప్రాతిపదికలు 1988 నాటికి అయిదుగా, వాటిని పట్టుకునే ప్రశ్నలు 97 నుంచి 22గా కుదిరాయి.

ఆ అయిదింటిలో మొదటిది విశ్వసనీయత, అంటే చెప్పిన పనిని చెప్పిన వేళకు తప్పుల్లేకుండా చేయడం. రెండవది సత్వర స్పందన, అంటే ‘సర్వర్ పనిచేయడం లేదు, రేపు రండి’ అని పంపేయకుండా ఎప్పటికి అవుతుందో చెప్పి సాయపడడం. మూడవది భరోసా, అంటే ఎదుటి సిబ్బందికి పని తెలుసునన్న నమ్మకం వారి మాటలో, మర్యాదలో కలగడం. నాలుగవది ఆత్మీయ శ్రద్ధ, అంటే వచ్చినవారిని టోకెన్ నంబరుగా కాక మనిషిగా చూడడం. అయిదవది కంటికి కనిపించే వసతులు, అంటే భవనం, కుర్చీలు, పరికరాలు, సిబ్బంది వేషధారణ, కాగితాల తీరు.

కొలిచే పద్ధతి ఇలా ఉంటుంది. ఒక్కో అంశం మీద రెండుసార్లు అడుగుతారు: మంచి బ్యాంకు అంటే ఇది ఎంతవరకు ఉండాలి, మీ బ్యాంకులో ఇది ఎంతవరకు ఉంది. సమాధానం 1 నుంచి 7 వరకు ఒక అంకె. అనుభవంలో నుంచి అపేక్షను తీసివేస్తే మిగిలేది అంతరం. ఉదాహరణకు ఒక ఊహాజనిత బ్యాంకు శాఖలో, గడువులోగా పని పూర్తి చేయడం అనే అంశంలో ఖాతాదారుల అపేక్ష సగటున 6.6, అనుభవం 4.9 అయితే అంతరం మైనస్ 1.7, అదే శాఖలో భవన వసతుల మీద అపేక్ష 4.8, అనుభవం 6 అయితే అంతరం ప్లస్ 1.2. గ్రానైటు పలకలు, ఏసీ, కొత్త సోఫాలు వేయించిన మేనేజరుకు ఈ రెండు అంకెలు పక్కపక్కన కనిపిస్తే, డబ్బు ఎక్కడ పెట్టవలసి ఉండగా ఎక్కడ పెట్టారో మరొకరు చెప్పనవసరం లేదు.

ఈ అయిదు గుణాలకు వినియోగదారులు ఇచ్చే విలువ సమానం కాదు. 100 పాయింట్లను అయిదింటికీ పంచమని అడిగినప్పుడు సగటున విశ్వసనీయతకు 32, సత్వర స్పందనకు 22, భరోసాకు 19, ఆత్మీయ శ్రద్ధకు 16, వసతులకు 11 దక్కినట్లు ఆ ముగ్గురు పరిశోధకులు 1990లో నమోదు చేశారు. మాట నిలబెట్టుకోవడమే మొదటి మర్యాద అని మన పెద్దలు చెప్పేదానికి ఇది అంకెల్లో సాక్ష్యం.

అంతరం ఎక్కడ పుడుతుందన్నది కూడా ఆ పరిశోధకులు విడమరచి చూపారు. జనం ఏమి కోరుతున్నారో యాజమాన్యానికి తెలియకపోవడం ఒకటి. తెలిసినా దానికి తగిన ప్రమాణాలు నిర్ణయించకపోవడం రెండు. నిర్ణయించినా సిబ్బంది కొరత వల్లనో శిక్షణ లోపం వల్లనో అమలు కాకపోవడం మూడు. అమలయ్యేదానికి మించి ప్రకటనల్లో గొప్పలు చెప్పడం నాలుగు. ఈ నాలుగూ కలిసి, ఆశించినదానికి, దక్కినదానికి మధ్య అయిదవ అంతరంగా వినియోగదారుకు కనిపిస్తాయి. కౌంటరులో కూర్చున్న గుమాస్తా మీద జనం చూపే కోపం చాలాసార్లు ఆ కుర్చీ దాకా ఎన్నడూ రాని వారి నిర్ణయాల ఫలితమని ఈ విశ్లేషణ గుర్తు చేస్తుంది.

రంగాన్ని బట్టి కొలత

ఒకే కొలబద్ద అన్ని రంగాలకూ యథాతథంగా సరిపోదు. హోటళ్లలో బస కోసం, రెస్టారెంట్లలో భోజనం కోసం వేర్వేరు ప్రశ్నావళులు 1990లలోనే తయారయ్యాయి. పరిశుభ్రత, వడ్డన, వంటకం వేడిగా రావడం వంటివి అక్కడ ప్రధానమవుతాయి. బస్సు, రైలు ప్రయాణాలలో సమయపాలన, భద్రత, కిక్కిరిసిన స్థితి, మహిళలకు ఇబ్బంది లేకపోవడం ముందుకు వస్తాయి. విద్యుత్తు విషయంలో ‘సంతృప్తిగా ఉన్నారా’ అన్న ప్రశ్న కన్నా ఏడాదిలో ఒక్కో వినియోగదారుకు సగటున ఎన్నిసార్లు సరఫరా ఆగింది, మొత్తం ఎంతసేపు ఆగింది అన్న రెండు సూచికలు ఎక్కువ చెబుతాయి. లైన్‌మన్ ఎంత మర్యాదస్తుడైనా పంటకు నీరందవలసిన రాత్రి కరెంటు లేకపోతే రైతుకు ఆ మర్యాద ఉపశమనం కాదు.

వైద్యరంగంలో అమెరికా అనుసరిస్తున్న హెచ్‌కాప్స్ అనే సర్వే ప్రత్యేకంగా గమనించదగినది. ఆసుపత్రి నుంచి ఇంటికి వెళ్లిన రోగులను ‘మీకు నచ్చిందా’ అని కాకుండా, నర్సులు మీ మాటను ఎంత తరచుగా శ్రద్ధగా విన్నారు, కొత్త మందు ఇచ్చేముందు అది దేనికో ఎంత తరచుగా చెప్పారు అని అడుగుతారు. ఎప్పుడూ లేదు, కొన్నిసార్లు, చాలావరకు, ఎల్లప్పుడూ అన్న మాటలలో ఒకటి ఎంచుకోవాలి. ఆసుపత్రుల వారీ ఫలితాలను 2008 నుంచి ప్రజల ముందు ఉంచుతున్నారు, 2012 నుంచి ప్రభుత్వ బీమా చెల్లింపులలో కొంత భాగాన్ని వాటితో ముడిపెట్టారు. మన దేశంలో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ 2016లో ‘మేరా అస్పతాల్’ పేరుతో రోగుల అభిప్రాయ సేకరణ మొదలుపెట్టింది.

గ్రంథాలయాల కోసం అమెరికాలో 2000 ప్రాంతంలో రూపొందిన లిబ్‌క్వాల్ మరో అడుగు ముందుకు వేసింది. అందులో ఒక్కో అంశానికి మూడు అంకెలు అడుగుతారు: కనీసం ఇంత ఉంటే సరిపెట్టుకుంటాను అన్నది ఒకటి, ఇంత ఉంటే బాగుంటుంది అన్నది రెండు, ఇప్పుడు ఇంత ఉంది అన్నది మూడు. మొదటి రెండింటి మధ్య ఉన్న జాగాను ఓర్పు పరిధి అంటారు. ఎవరైనా అడిగినప్పుడు తెలుగువారు అలవాటుగా చెప్పే ‘ఫర్వాలేదు’ అన్న మాట సరిగ్గా ఈ పరిధిలో ఉంటుంది. అయితే ఆ మాటకు ‘బాగానే ఉంది’ అన్న అర్థమూ ఉంది, ‘ఏం చేస్తాం, సర్దుకుంటున్నాం’ అన్న అర్థమూ ఉంది. గొంతు విన్నవారికి తేడా తెలుస్తుంది. ఫారంలో 3 మీద టిక్కు పెట్టించుకున్నవారికి తెలియదు.

తక్కువ ఆశించేవారి సంతృప్తి

సేవల కొలతలో అన్నిటికన్నా బరువైన ప్రశ్న ఇక్కడే ఎదురవుతుంది. ఒక పల్లెలోని ఆరోగ్య కేంద్రం గురించి అక్కడివారి అపేక్ష 3, అనుభవం 3.2 అనుకుంటే అంతరం ప్లస్ 0.2 అవుతుంది. నగరంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో అపేక్ష 6.8, అనుభవం 6.1 అనుకుంటే అంతరం మైనస్ 0.7 అవుతుంది. అంతరాన్ని మాత్రమే చూసినవారికి పల్లె కేంద్రమే మెరుగైనదిగా కనిపిస్తుంది. అక్కడ వైద్యం బాగుందని ఆ అంకెకు అర్థం కాదు. అక్కడివారు అంతకన్నా ఎక్కువ ఆశించడం ఏనాడో మానుకున్నారని అర్థం.

జోసెఫ్ క్రోనిన్, స్టీవెన్ టేలర్ అనే అమెరికా పరిశోధకులు 1992లో సర్వ్‌క్వాల్‌ను విమర్శిస్తూ, అపేక్షను పక్కనపెట్టి అనుభవాన్ని మాత్రమే కొలిచే సర్వ్‌పర్ఫ్ అనే పద్ధతిని ప్రతిపాదించారు. బ్యాంకింగ్, క్రిమికీటకాల నివారణ, డ్రై క్లీనింగ్, ఫాస్ట్‌ఫుడ్ రంగాలలో పరీక్షించి, 22 ప్రశ్నలతోనే తమ పద్ధతి మెరుగైన ఫలితం ఇస్తోందని చూపారు. ఒక్కో అంశాన్ని రెండుసార్లు అడగనక్కరలేదు కనుక ప్రశ్నల సంఖ్య సగమైంది, లెక్క సులువైంది. అయినా అలవాటుపడిన లోటు మనిషికి లోటుగా తోచదు కాబట్టి, అనుభవానికి వేసే మార్కులోనూ పాత అపేక్ష నీడ పడుతూనే ఉంటుంది.

అందువల్ల అభిప్రాయంతోపాటు వాస్తవాన్ని కూడా కొలవడం తప్పనిసరి. ఓపీ చీటీ తీసుకున్నప్పటి నుంచి డాక్టరును చూసే వరకు ఎన్ని నిమిషాలు పట్టింది, రాసిన అయిదు మందులలో ఆసుపత్రిలోనే ఎన్ని దొరికాయి, మిగిలినవి బయట కొనడానికి ఎంత ఖర్చయింది అన్నవి అపేక్షతో మారని లెక్కలు. అభిప్రాయం మనసు చెబుతుంది, గడియారం నిజం చెబుతుంది. రెండూ పక్కపక్కన ఉన్నప్పుడే పేదవాడి ఓర్పు సంస్థ ఘనతగా చెలామణి కాకుండా ఉంటుంది.

ఒక్క అంకె ఆకర్షణ

పాలకులకు, యాజమాన్యాలకు ఎప్పుడూ ఒక్క అంకె కావాలి. మిషిగన్ విశ్వవిద్యాలయానికి చెందిన క్లేస్ ఫోర్నెల్ 1989లో స్వీడన్ కోసం, 1994లో అమెరికా కోసం దేశవ్యాప్త వినియోగదారు సంతృప్తి సూచికలను రూపొందించాడు. రెండవది వివిధ రంగాల కంపెనీలను 0 నుంచి 100 వరకు ఒకే కొలబద్ద మీద నిలబెడుతుంది. ఫ్రెడ్ రైకెల్డ్ 2003లో ప్రతిపాదించిన నెట్ ప్రమోటర్ స్కోరు ఇంకా క్లుప్తమైనది. ఈ సంస్థను మీ మిత్రులకు సిఫార్సు చేస్తారా అని అడిగి, 0 నుంచి 10 వరకు అంకె వేయమంటారు. 9, 10 వేసినవారు మెచ్చేవారు, 7, 8 వేసినవారు తటస్థులు, 6 వరకు వేసినవారు మెచ్చనివారు. వంద మందిలో 50 మంది మెచ్చి, 30 మంది తటస్థంగా ఉండి, 20 మంది మెచ్చకపోతే స్కోరు 30. లెక్క తేలికే గాని, ఆ 20 మంది ఎందుకు మెచ్చలేదో ఆ అంకె చెప్పదు.

సగటు కూడా అలాగే నిజాన్ని దాచగలదు. వంద మందీ అయిదుకు నాలుగు వేసినా సగటు 4, డెబ్బై అయిదు మంది 5 వేసి ఇరవై అయిదు మంది 1 వేసినా సగటు 4. రెండవ సంస్థలో నలుగురిలో ఒకరు ఏడ్చుకుంటూ వెళుతున్నా బోర్డు మీద అంకె మారదు. ఆ ఒకరు వృద్ధులో, వికలాంగులో, చదువురానివారో అయినప్పుడు సగటును చూసి సంతోషించడం అన్యాయమవుతుంది కాబట్టి, ఫలితాలను వర్గాల వారీగా విడదీసి చూపడం ప్రతి సర్వేకూ నియమం కావాలి.

కొలతే లక్ష్యంగా మారితే అది మంచి కొలతగా మిగలదన్న సూత్రం బ్రిటన్ ఆర్థికవేత్త చార్లెస్ గుడ్‌హార్ట్ 1975లో చేసిన పరిశీలన నుంచి వచ్చింది. పార్శిల్ చేతికిచ్చి ‘సార్, ఫైవ్ స్టార్ ఇవ్వండి’ అని బతిమాలే డెలివరీ కుర్రవాడిని చూసినవారికి ఈ సూత్రం వేరే వివరించనక్కరలేదు. అతని బతుకుతెరువు ఆ చుక్కలకు కట్టుబడి ఉందని తెలిసిన మనిషి జాలితో అయిదూ ఇస్తాడు. ట్రాఫిక్, వంటగది ఆలస్యం, యాప్ లోపం వంటి అసలు కారణాలు ఎక్కడా నమోదు కావు.

పోటీ లేని చోట పౌరుడి గొంతు

ప్రైవేటు దుకాణం నచ్చకపోతే జనం పక్క దుకాణానికి వెళతారు. తహసీల్దారు కార్యాలయానికి, నీటి సరఫరాకు పక్క దుకాణం లేదు. పోటీ లేని చోట కొలతే పోటీకి ప్రత్యామ్నాయం కాగలదని నిరూపించిన ప్రయోగం బెంగళూరులో జరిగింది. అహ్మదాబాద్ ఐఐఎం మాజీ డైరెక్టర్ శామ్యూల్ పాల్ చొరవతో 1994లో వెలువడిన పౌర నివేదిక కార్డు, నీరు, విద్యుత్తు, చెత్త తొలగింపు, టెలిఫోను వంటి సేవలకు నగరవాసులు ఇచ్చిన మార్కులను సంస్థల పేర్లతో సహా బయటపెట్టింది. తొలిసారి మార్కులు చాలా తక్కువ. అదే సర్వేను 1999లో, 2003లో మళ్లీ చేసి ప్రచురించారు; పత్రికల చర్చ, పౌరసంఘాల ఒత్తిడి, ప్రభుత్వ చొరవ కలిసి రావడంతో మూడవసారికి సంతృప్తి స్పష్టంగా పెరిగింది. ఒకసారి కొలవడం వార్త అవుతుంది, పదేపదే అదే కొలబద్దతో కొలిచి బయటపెట్టడమే మార్పు తెస్తుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2011 నవంబరులో మొదలైన మీసేవ కేంద్రాలలో ఒక్కో ధ్రువపత్రానికి ఇన్ని రోజులన్న గడువు ఉండడం ఈ దృష్టితో విలువైన ఏర్పాటు. దరఖాస్తు రసీదు మీది తేదీకి, పత్రం చేతికందిన తేదీకి మధ్య తేడాను ఎవరైనా లెక్క కట్టవచ్చు, దానికి ఏ ప్రశ్నావళీ అక్కరలేదు. ఇక ప్రభుత్వ సేవలపై ఫోన్ చేసి, సంతృప్తిగా ఉంటే 1 నొక్కమనే పద్ధతి వేగంగా లక్షల మందిని చేరగలిగినా, నిజం చెబితే పింఛను ఆగుతుందేమోనన్న జంకు వినేవారి మనసులో ఉంటే వచ్చే అంకెకు విలువ ఉండదు. అడిగేవారు ఎవరు, పేరు గోప్యంగా ఉంటుందా అన్నవి ప్రశ్న ఎంత ముఖ్యమో అంత ముఖ్యం.

కొలతకు చట్టం తోడైతే దానికి పళ్లు వస్తాయి. ఏటీఎంలో డబ్బు రాకుండా ఖాతాలో కోత పడితే లావాదేవీ జరిగిన రోజు తరువాత 5 రోజుల్లోగా తిరిగి జమ చేయాలని, ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019లో ఆదేశించింది. ఫిర్యాదుకు 30 రోజుల్లో బ్యాంకు బదులివ్వకపోతే ఖాతాదారు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. రుసుము తీసుకొని చేసే వైద్యం కూడా వినియోగదారుల చట్టం కిందకు వచ్చే సేవేనని సుప్రీంకోర్టు 1995లో తీర్పు ఇచ్చింది. అయితే అందరికీ పూర్తిగా ఉచితంగా వైద్యం చేసే ఆసుపత్రులను ఆ పరిధికి వెలుపల ఉంచింది. చట్టపరంగా వినియోగదారు కాలేని నిరుపేద రోగికి సేవ ఎలా అందుతోందో నిజాయితీగా కొలవడం ఒక ముఖ్యమైన రక్షణ కాబట్టి, ప్రభుత్వ ఆసుపత్రులలో కొలత మరింత కచ్చితంగా ఉండాలి.

సంస్థలు చేయవలసినవి నాలుగే: భావంతోపాటు నిమిషాలను, రోజులను లెక్కించడం, సగటు కింద అణగిపోయినవారిని వేరుగా చూపడం, ఫలితాన్ని జనం చూసే గోడ మీద పెట్టడం, ఏ లోటును ఎప్పటిలోగా సరిదిద్దుతారో దాని పక్కనే రాయడం. సేవలు పొందే ప్రతివారూ చేయవలసింది కూడా ఉంది. ఈసారి ఎవరైనా ‘సేవ ఎలా ఉంది’ అని అడిగితే మొహమాటంతో ‘ఫర్వాలేదు’ అని ఊరుకోకుండా, ఎన్ని గంటలకు వచ్చారో, ఎన్నిసార్లు తిరిగారో, ఏమి దక్కిందో, ఏమి దక్కలేదో చెప్పండి. రసీదు దాచుకోండి. అన్యాయం జరిగితే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. కొలవడానికి కావలసిన అసలు సరంజామా మీరు చెప్పే ఆ వివరమే.